రంగు డబ్బా కొనే ముందు మిద్దె ఎక్కండి

కార్తీకం సగం గడిచాక నెల్లూరులో ఏ రంగుల కొట్టు ముందు కాసేపు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది. "దసరాకి ఏయించినాం అన్నా, అప్పుడే పొట్టు లేస్తా ఉండాది. కల్తీ సరుకు గానీ ఇచ్చినారా ఏంది?" కొట్టాయన డబ్బా చూపించి ఒట్టు పెట్టుకుంటాడు. పెయింటరు పుట్టీ మంచిది కాదంటాడు. పుట్టీ పెట్టిన కుర్రాడు తిరకాసంతా గోడలోనే ఉందంటాడు. చిన్నవాడని ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ ముగ్గురిలో నిజానికి దగ్గరగా ఉన్నది వాడే. తడిగోడ మీద రంగు వేశారు. ఆ తడి పైనుంచి దిగింది. పైన ఏముందో ఎవరూ ఎక్కి చూడలేదు.

పండగకి ఇల్లు చక్కబెట్టుకునే వరస మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తలకిందులుగా నడుస్తోందని నా అభిప్రాయం. బూజు కర్రతో మొదలుపెట్టి, బొమ్మల కొలువు మెట్లు కట్టి, గోడలకి రంగు దాకా వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. మిద్దె సంగతి వచ్చే ఎండాకాలానికి వాయిదా. మొదలుపెట్టాల్సింది మిద్దె మీదనుంచి. బయటిగోడల రంగు అసలు దసరా పనే కాదు.

పండగ తిథిని బట్టి, వాన కార్తెను బట్టి

బడి పుస్తకాల్లో శరత్తు అంటే వెన్నెల, తేటపడిన ఏరు, తెల్లటి రెల్లు పూలు. గోదావరి పక్కన ఆ మాట సరిపోతుందేమో. మనకు వానాకాలం అప్పుడే మొదలు. రాష్ట్రమంతా తడిపే నైరుతి ఇక్కడికొచ్చేసరికి నీరసపడుతుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు రావడానికి వాతావరణ శాఖవాళ్ళు మామూలుగా చెప్పే తేదీ అక్టోబరు 20 ప్రాంతం. ప్రకాశం తీరంలోనూ పెద్ద వానలు ఈ మూడు నెలలవే. గిద్దలూరు వైపు పడమటి మెట్టలో మాత్రం లెక్క కొంచెం వేరు.

చిక్కంతా ఎక్కడంటే, పండగలు చంద్రుడితో నడుస్తాయి, వానలు సూర్యుడితో. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. 2023లో అధిక శ్రావణం పడి దీపావళి నవంబరు 12 దాకా జరిగింది. ఆ ఏడు దసరా, దీపావళి మధ్య రంగు వేయించినవాళ్ళు అచ్చంగా వానాకాలంలో వేయించినట్టే. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే నాటికి ఆ గోడలకి నెలన్నర కూడా నిండలేదు.

సేద్యగాళ్ళు ఈ పొరపాటు చేయరు. వాళ్ళు చూసేది కార్తె. కార్తెలు సూర్యుడి లెక్కవి కనుక ఏటా ఒకటీ రెండు రోజుల తేడాతో అదే తేదీకి వస్తాయి. ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతంలో, హస్త 27న, చిత్త అక్టోబరు 10, 11 తేదీల్లో, స్వాతి 24న. నారుమడికి కార్తె చూసే మనిషే ఇంటి మిద్దెకి మాత్రం పండగ చూస్తాడు, అదేమి చిత్రమో. ఉత్తరలో మిద్దె పని, హస్తలో గొట్టాలూ కాలవలూ, చిత్త పుట్టేసరికి నిచ్చెన దించేయడం. నాకు తెలిసి మన ఇళ్ళకి ఇదే సరైన వరస. సెప్టెంబరులో సాయంత్రప్పూట ఉరుముల వాన ఒకటీ అరా పడినా, మర్నాడు పొద్దెక్కేసరికి మిద్దె ఆరిపోతుంది. నవంబరు ముసురులో అది కుదరదు.

సున్నం పోయింది, అలవాటు మిగిలింది

"మా అవ్వ కాలం నుంచీ దసరాకి వెల్ల వేస్తూనే ఉన్నాం గదా, అప్పుడు లేవని పొట్టు ఇప్పుడెందుకు లేస్తోంది?" అని అడిగేవాళ్ళుంటారు. సరైన ప్రశ్నే. ఈ వాదనంతటికీ కీలకం అక్కడే ఉంది.

అవ్వలు వేసింది సున్నం. సముద్రం పక్క ఊళ్ళలో పులికాట్ గుల్లను కాల్చి తీసిన గుల్ల సున్నం. తొట్టిలో నీళ్ళు పోసి, కుతకుత ఉడికి చల్లారాక రాత్రంతా నాననిచ్చి, పాత గుడ్డలో వడగట్టి, ఇంత నీలిమందు కలిపి పీచు కుంచెతో కొట్టేవాళ్ళు. సున్నప్పొర గోడకు ఊపిరాడనిస్తుంది. ఇటుకలోని చెమ్మ దాని గుండానే బయటికి పోతుంది. పైగా సున్నం ఘాటుకి బూజు, పాచి నిలవవు. వానల ముందు అలా పూత పూయడం తెలివైన పనే. రాలినా పొడిగా రాలేది, మరుసటేడు ఇంకో పూత.

ఇప్పుడు వేస్తున్నది ప్లాస్టిక్ పొర. ఎమల్షన్ రంగు ఆరితే పలచటి తొడుగులా గోడను కప్పేస్తుంది. పైనుంచి పడే వానను ఆపుతుంది, నిజమే. లోపలి చెమ్మను కూడా అంతే గట్టిగా ఆపుతుంది. చెమ్మతోపాటు గోడలోని ఉప్పు కదిలి వచ్చి పొర వెనక గడ్డకడుతుంది, ఆ గడ్డలు పొరను ముందుకు తోస్తాయి. తీరం వెంబడి ఊళ్ళలో ఉప్పు బోరు నీళ్ళతో కట్టిన ఇళ్ళకి ఈ బాధ రెట్టింపు. రంగు బుడగను గోటితో గిల్లి చూడండి. వెనక తెల్లటి పొడి, నాలుక మీద వేస్తే ఉప్పన. అది కల్తీ రంగు కాదు, మీ గోడ కక్కిన ఉప్పు.

వస్తువు మారినప్పుడు వేళ కూడా మారాలి. మనం డబ్బా మార్చాం, తిథి మార్చలేదు.

గోడ రంగుకి సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. అడుగు చదరం పాలిథిన్ ముక్క తీసుకుని నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు వేసి గోడకు అంటించాలి. ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి తీయాలి. లోపలివైపు నీటి బొట్లు పట్టినా, ఆ మేర గోడ నల్లబడినా రంగు ఆపేయాల్సిందే. మిద్దెకి దగ్గరగా ఒకటి, నేలకి రెండడుగుల ఎత్తులో ఒకటి పెడితే తడి పైనుంచి దిగుతోందా కిందనుంచి ఎక్కుతోందా అన్నదీ తేలిపోతుంది. కొత్తగా సిమెంటు పూత పూసిన గోడైతే పాలిథిన్ దాకా పోనక్కర్లేదు, 28 రోజుల లోపు దాని జోలికి వెళ్ళకూడదు.

మిద్దె మీద ఏం చూడాలి

ముందు ఒక లెక్క. మన దగ్గర అంకణం అంటే 72 చదరపు అడుగులు. 15 అంకణాల మిద్దె మీద ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడితే చేరే నీళ్ళు దాదాపు 10,000 లీటర్లు. వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు పది. తుపాను రాత్రి అంతకు రెట్టింపు కూడా పడుతుంది. ఆ పది ట్యాంకుల నీళ్ళకి చాలా ఇళ్ళలో ఉన్న దారి ఒకే ఒక్క మూడంగుళాల గొట్టం, దాని మూతి మీద చదునైన జాలీ. ఆ జాలీని మూసేయడానికి ఒక్క బాదం ఆకు చాలు. గుమ్మటంలా పైకి లేచిన జాలీ అయితే కింద ఆకు పడినా పక్కలనుంచి నీళ్ళు దిగుతాయి. గొట్టం నాలుగంగుళాలది ఉండాలి. ఒక్కటి కాకుండా ఎదురెదురుగా రెండుంటే, ఒకటి మూసుకున్నా రెండోది కాపాడుతుంది.

గొట్టం పరీక్ష ఇలా. రెండు బకెట్ల నీళ్ళు ఒకేసారి గుమ్మరించాలి. నీళ్ళు సుడి తిరుగుతూ దిగితే సరే. గుడగుడమంటూ పైకి తంతే కింది వంపు దగ్గర అడ్డం ఉంది. కర్రతో పొడిస్తే అడ్డం ఇంకా బిగుసుకుంటుంది. కింది ఎల్బో విప్పి, అక్కడనుంచి పైపుతో నీళ్ళు పైకి కొట్టాలి. బయటికొచ్చే సరుకు చూస్తే మనం ఏడాదంతా మిద్దె మీద ఏం చేశామో తెలుస్తుంది. వేపాకు, గాలిపటం ముక్కలు, బట్టల క్లిప్పులు, కొబ్బరిపీచుతో మెత్తగా అల్లిన ఉడత గూడు. గూట్లో పిల్లలుంటే వారం ఆగండి. ఉత్తరలోనే మొదలుపెట్టమనేది ఇలాంటి వాటికి వ్యవధి ఉంటుందనే.

తరవాత వాలు. వందకి ఒకటి కావాలి. 30 అడుగుల మిద్దెకి ఒక కొసనుంచి ఇంకో కొసకు మూడున్నర అంగుళాల పల్లం. టేపు పట్టి కొలవనక్కర్లేదు. దూరపు మూలన నాలుగు బకెట్లు పోసి, అరగంట తరవాత ఎక్కడెక్కడ మడుగులు నిలిచాయో సుద్దతో గీసుకుంటే చాలు. రేపు కారేది ఆ గీతల కిందే.

పగుళ్ళు ఎక్కువగా కనబడేవి రెండు చోట్ల. ఒకటి పిట్టగోడ మిద్దెతో కలిసే మూల, రెండు నీళ్ళ ట్యాంకు దిమ్మెల చుట్టూ. వీటి మీద సిమెంటు పాలు పూసి తృప్తిపడటం మామూలు, నెలకే అది పెళుసుగా లేచిపోతుంది. పగులును ఉలితో అరంగుళం వెడల్పు, అరంగుళం లోతు వచ్చేలా వి ఆకారంలో తెరవాలి. దుమ్ము బ్రష్షుతో లాగేసి, తడిపి, ఒకటికి మూడు పాళ్ళ సిమెంటు ఇసుకలో పాలిమర్ ద్రవం కలిపి కూరాలి. పిట్టగోడ మూలలో ఆ మాలుతోనే ఏటవాలుగా గట్టులా దిద్దితే నీళ్ళు అక్కడ నిలవవు. నాలుగైదు రోజులు తడిపాక పూర్తిగా ఆరనిచ్చి, ఆ పైన వాటర్‌ప్రూఫ్ పూత రెండు చుట్లు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. మూలల్లో రెండు పూతల మధ్య వలగుడ్డ పెట్టాలి. పూత వేశాక కనీసం రెండు రోజులు వాన పడకూడదు. దసరా సెలవల్లో ఈ పనికి దిగినవాళ్ళు మొత్తం డబ్బు వృథా చేసుకునేది ఈ రెండు రోజుల దగ్గరే.

పని అయ్యాక నమ్మకం కుదరకపోతే గొట్టాలకు గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, పిట్టగోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి మర్నాడు చూడాలి. ఎండకి కొంచెం తగ్గడం సహజం. అరంగుళం పైన తగ్గితే ఎక్కడో తాగుతోంది. ఒక జాగ్రత్త. 15 అంకణాల మీద రెండంగుళాలంటే ఐదు టన్నుల బరువు. దూలాల మీద కట్టిన పాత మద్రాసు మిద్దెలకి ఈ పరీక్ష పెట్టొద్దు.

ఎండాకాలంలోనే ఈ పనంతా చేసుకోవచ్చు కదా అంటే, చేసుకోవచ్చు, ఇంకా మేలు కూడా, అయితే మే నెలలో కాదు. రోహిణి ఎండకి సిమెంటు తడి నిలవక కొత్త పగుళ్ళు లేస్తాయి. మాఘ ఫాల్గుణాలు, అంటే ఫిబ్రవరి, మార్చి, అన్నిటికన్నా మంచివి. బయటిగోడల రంగు కూడా అప్పటికే పెట్టుకోండి. కాని ఫిబ్రవరిలో వాన ఎవరికి గుర్తుంటుంది?

రేకుల ఇళ్ళవాళ్ళకి ఇంత తతంగం లేదు. బోల్టుల కింద నల్ల వాషర్లు ఎండకి గట్టిపడి చిట్లుతాయి, వాటిని మార్చుకుంటే చాలావరకు కారడం ఆగుతుంది. ఎక్కేటప్పుడు బోల్టుల వరస మీదే కాలు పెట్టాలి, అడుగున దూలం ఉండేది అక్కడే. పాచి పట్టిన రేకు మీదికి తడిలో ఎక్కొద్దు.

మరి పండగ కళ?

నా మాటలో నాకే నచ్చని భాగం ఒకటుంది. పండగ పూట ఇల్లు వెలవెలబోతే ఎవరికి బాగుంటుంది? ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది, కొలువుకి పేరంటాళ్ళు వస్తారు. మిద్దె మీది పూతను చూసి మెచ్చుకునే చుట్టం ఇంకా పుట్టలేదు. పైగా పెయింటర్లకి ఈ నెల రోజులే పెద్ద పని కాలం. అందరూ ఫిబ్రవరికి వాయిదా వేస్తే వాళ్ళ దసరా ఏం కావాలి?

అందుకే రంగు మొత్తం మానమనను. పాలిథిన్ పరీక్షలో నెగ్గిన లోపలి గోడలు, ముందుగదిలో ఎదురుగా కనబడే ఒక్క గోడ, గేటు, కిటికీ ఊచలు, తలుపు చెక్కలు. వీటికి వేయించండి. ఇనప గేటుకి వానల ముందు తుప్పు గీకి తుప్పును ఆపే రెడాక్సైడు పూత కొట్టి రంగు వేస్తే అది అలంకారమూ అవుతుంది, రక్షణా అవుతుంది. పెయింటరుకి కూలి ఎటూ దక్కుతుంది. వాటర్‌ప్రూఫ్ పూత వేసేదీ చాలాచోట్ల ఆ చేతులే.

అసలు మిద్దె ఎందుకు వెనకబడుతుందో చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. ఇల్లు దులపడం ఆడవాళ్ళ పని అనుకుంటాం. బయటి పని మగవాళ్ళది అనుకుంటాం, ఆ మగవాళ్ళు పెయింటరును పిలిచి చేతులు దులుపుకుంటారు. మిద్దె ఈ రెంటికీ మధ్య పడింది. రోజూ ఎక్కేది బట్టలు ఆరేసే మనిషే. ఎక్కడ మడుగు నిలుస్తుందో ఆమెకే తెలుసు, ఆమెను మాత్రం ఎవరూ అడగరు. అపార్ట్‌మెంటులో అయితే అడిగే దిక్కే ఉండదు. కారేది పై అంతస్తు వాళ్ళకి, "మాకేం కారడం లేదు గదా" అనేది కింది నాలుగు అంతస్తులు. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం పైకప్పును ఉమ్మడి భాగాల్లోనే చేర్చింది. కాబట్టి పైవాళ్ళు అడుగుతున్నది దానం కాదు.

ఇంకో ఎత్తిపొడుపు కూడా ఉంది. రంగులయ్యాక ఖాళీ డబ్బాలు ఎక్కడికి చేరతాయి? మిద్దె మీదికే. మెట్లగది పక్కన బోర్లించకుండా పెట్టిన 20 లీటర్ల డబ్బాలో వాన నీళ్ళు చేరతాయి. డెంగీ దోమకి కావాల్సింది అలాంటి తేట నీళ్ళే. గుడ్డు దోమ అయ్యేందుకు వారం పది రోజులు చాలు. డబ్బాను ఒంపేస్తే సరిపోదు, గోడకి అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. పీచుతో తోమి బోర్లించాలి.

సందు చివరి కాలవ

మిద్దె ఎంత బాగున్నా, దిగిన నీళ్ళు పోయేది వీధి కాలవలోకే. ఇక్కడ నా వాదన కొంత కుంటుతుంది, ఒప్పుకుంటాను. 2021లో కార్తీక పున్నమి నవంబరు 19న. సోమశిల జలాశయం నుంచి వదిలిన వరదతో ఆ రెండు రోజుల్లోనే పెన్న పొంగి నెల్లూరులో నది పక్క కాలనీలు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అలాంటి వరదకి మీ మిద్దె వాలు, నా జాలీ ఏమీ చేయలేవు.

అయితే మన సందుల్లో ఏటా నిలిచే మోకాలి లోతు నీళ్ళు పెన్నవి కావు. బండి ఎక్కడానికని గేటు ముందు కాలవ మీద ఎవరికి వారు పోసుకున్న సిమెంటు ర్యాంపులవి. కింద ఆరంగుళాల గొట్టం ఒకటి వేసి పైన గట్టిగా కట్టేస్తే, ఆ గొట్టం మూసుకున్న రోజు సందులో పది ఇళ్ళకీ ఇబ్బంది. ర్యాంపు ఉండాల్సిందే అనుకుంటే రెండడుగుల పలకలుగా, కొక్కేలతో ఎత్తగలిగేలా పోయించుకోవాలి. కొత్తగా సిమెంటు రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వకుండా దాని మీదే పోస్తే రోడ్డు ఎదుగుతుంది, మన గడప కుంగుతుంది. గోడకి కిందనుంచి రెండడుగుల మేర ఎక్కే చెమ్మకి ఒక మూలం అదే.

పూడిక తీయించేటప్పుడు కూడా ఒక తప్పు ఏటా జరుగుతుంది. తీసిన నల్ల మట్టిని కాలవ గట్టునే కుప్పలు పెడతారు, ఆరాక ట్రాక్టరు వస్తుందని. ట్రాక్టరు కన్నా ముందు వాన వస్తుంది. కుప్ప మొత్తం మళ్ళీ కాలవలోకి, ఈసారి ఇంకా మెత్తగా. మోయడానికి బండి సిద్ధంగా లేని రోజు తవ్వించకపోవడమే నయం. తవ్వించే మేస్త్రీతో ఈ మాట ముందే అనుకోవాలి. అతనికి కూలి తవ్వినందుకే ఇస్తారు, మోసినందుకు ఇవ్వరు.

వీధి నీళ్ళు సంపులోకి దిగితే తోడి కడిగాక, కొత్త నీళ్ళకి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడరు. ముందు మగ్గులో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, మడ్డి అడుగుకి దిగాక పైతేట మాత్రమే సంపులో పోయాలి. గంట ఆగి వాడుకోవాలి. సంపు మూత చుట్టూ వాన రాకముందే జానెడు గట్టు కట్టుకున్నవాళ్ళకి ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది.

ఇక దీపావళి మర్నాడు. పొద్దున్నే ఆడవాళ్ళు వాకిట్లో కాగితాలు ఊడ్చి ముగ్గు వేసేస్తారు. ముందురాత్రి పిల్లలు టపాకాయలు కాల్చింది మాత్రం మిద్దె మీద. ఎర్ర కాగితం మంచుకి నాని, మొదటి జల్లుకే ముద్దయి జాలీకి అంటుకుంటుంది. కాకరపువ్వొత్తుల తీగలు జాలీ కన్నాల్లోంచి గొట్టంలోకి దిగి అడ్డంగా ఇరుక్కుంటాయి, ఆ పైన వచ్చే ప్రతి ఆకూ వాటికే చిక్కుకుంటుంది. చీపురు తీగను లాగలేదు, వంగి చేత్తో ఒక్కొక్కటే ఏరాలి. ఏరాల్సిన మనిషి కాల్చినవాడే, వాణ్ణి నిద్ర లేపి నిచ్చెన ఎక్కించండి.